గాలితో చల్లబడే బీటిల్‌కు ఇంటి షెడ్డులోనే సూపర్‌చార్జర్: తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గరున్నది 1971 నాటి వోక్స్‌వాగన్ సూపర్ బీటిల్. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో దగ్గర మా ఇంటి షెడ్డులో దాని ఇంజన్‌ను విప్పి, బాగుచేసి, సూపర్‌చార్జర్ అమర్చి, ఎండాకాలంలో కూడా నడిచేలా ట్యూనింగ్ చేసుకున్నాను. ఇక్కడి తెలుగు మిత్రులూ, హైదరాబాదులో పాత బీటిల్‌ను కాపాడుకుంటున్నవారూ నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. బీటిల్‌లో వచ్చే 1600 సీసీ టైప్ 1 ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి కాబట్టి, పాత 1200 ఇంజన్ ఉన్నవారు ఇందులోని అంకెలను ఉన్నవున్నట్టుగా వాడకూడదు.

సూపర్‌చార్జర్ అంటే ఏమిటి? టర్బోకూ దానికీ తేడా ఏమిటి?

రెండూ ఇంజన్‌లోకి మామూలుకన్నా ఎక్కువ గాలిని నెట్టేవే. టర్బోను పొగగొట్టంలోని వేడి వాయువులు తిప్పితే, సూపర్‌చార్జర్‌ను బెల్టు ద్వారా ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్టే తిప్పుతుంది. అందువల్ల సూపర్‌చార్జర్ తనకు కావలసిన శక్తిని ఇంజన్ నుంచే తీసుకుంటుంది, కానీ యాక్సిలరేటర్ తొక్కగానే ఆలస్యం లేకుండా పికప్ ఇస్తుంది. బీటిల్ విషయంలో సూపర్‌చార్జర్‌కు ఇంకొక సుగుణం ఉంది. పొగగొట్టాల అమరికను, హీటర్ బాక్సులను కదిలించనవసరం లేదు. ఇంజన్ చుట్టూ ఎర్రగా కాలే కొత్త గొట్టాలూ రావు.

నీళ్లు లేని ఇంజన్‌కు ఇది అసలు తగిన పనేనా?

హద్దు తెలిసి చేస్తే తగినదే. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. పెన్సిల్వేనియాలోని కాన్షోహాకెన్‌లో ఉన్న జడ్సన్ అనే సంస్థ 1950లలోనే బీటిల్ కోసం తిరిగే రేకులతో గాలిని నెట్టే వేన్ రకం సూపర్‌చార్జర్‌ను కిట్టుగా అమ్మింది. అందులోని రేకులు అరిగిపోకుండా ఒక చిన్న సీసా నుంచి నూనె చుక్కలు చుక్కలుగా పడే ఏర్పాటు ఉండేది. 36 హార్స్‌పవర్ బీటిల్‌తో అమెరికా హైవేలపైకి ఎక్కడానికి భయపడినవారికి అది ఎంతో అక్కరకు వచ్చింది. తరువాత షెవర్లే 1962లో గాలితో చల్లబడే కోర్వెయిర్‌కు టర్బో పెట్టింది, పోర్షే 1975లో 911 టర్బోను తెచ్చింది. ఆ పోర్షే మూడు లీటర్ల ఇంజన్‌లో కంప్రెషన్‌ను, అంటే సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు నలుగుతుందో ఆ నిష్పత్తిని, 6.5కు తగ్గించి, 0.8 బార్ బూస్టుతో, అంటే బయటి గాలి ఒత్తిడికి పైన నెట్టిన అదనపు ఒత్తిడితో, 260 హార్స్‌పవర్ రాబట్టారు.

అయితే పోర్షే ఇంజన్ వేరు, మన ఇంజన్ వేరు. బీటిల్ ఇంజన్ బలాన్ని నిర్ణయించేది బూస్టు కాదు, సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత. కాలిన ప్రతి గ్రాము పెట్రోలు నుంచి పుట్టే వేడిలో కొంత భాగం హెడ్‌లోకి, అక్కడి నుంచి రెక్కల ద్వారా ఫ్యాన్ గాలిలోకి పోవాలి. ఫ్యాన్ మోసుకుపోగలిగిన వేడికి ఒక పరిమితి ఉంది, మనం ఎంత శక్తి పెంచినా ఆ పరిమితి లోపలే ఉండాలి. ఈ పేజీలో నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. ముందు చల్లబరచే ఏర్పాటు, తరువాత కొలిచే మీటర్లు, ఆ తరువాతే బూస్టు. ఈ వరుసను తలకిందులు చేసినవారు ఇంజన్‌ను రెండుసార్లు కట్టుకోవలసి వస్తుంది.

ఎంత శక్తి పెరుగుతుంది?

ప్రకటనలను పక్కన పెట్టి లెక్క వేసుకుందాం. రోడ్డు మీద తిరిగే 1600 ఇంజన్‌కు 0.4 బార్, అంటే దాదాపు 6 పీఎస్‌ఐ, నా దృష్టిలో పైహద్దు. 35 డిగ్రీల గాలిని, ఒకదానిలో ఒకటి ఇమిడి తిరిగే రెండు రోటార్లున్న రూట్స్ రకం సూపర్‌చార్జర్ 0.4 బార్‌కు నొక్కినప్పుడు, దాని సామర్థ్యం 60 శాతం అనుకుంటే, బయటికి వచ్చే గాలి 85 నుంచి 90 డిగ్రీల వేడిలో ఉంటుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ఒత్తిడి 40 శాతం పెరిగినా నిజంగా లోపలికి పోయే గాలి 20 శాతమే పెరుగుతుంది. కార్బురేటర్‌ను సూపర్‌చార్జర్‌కు ముందు పెడితే పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు ఆ గాలిని 20 డిగ్రీలకు పైగా చల్లబరుస్తుంది కాబట్టి పెరుగుదల 28 శాతం దాకా వస్తుంది. నిమిషానికి 4,500 చుట్ల దగ్గర సూపర్‌చార్జర్‌ను తిప్పడానికి నాలుగైదు హార్స్‌పవర్ ఖర్చవుతుంది.

హెడ్‌లో ప్రతి సిలిండర్‌కూ విడి గాలి దారి ఉన్న డ్యూయల్ పోర్ట్ 1600 ఇంజన్ జర్మన్ లెక్క ప్రకారం 50 హార్స్‌పవర్ ఇస్తుంది. 1971లో అమెరికాలో 60 అని ప్రకటించింది ఇదే ఇంజన్‌ను, అది కొలిచే పద్ధతిలోని తేడా మాత్రమే. పై లెక్కలన్నీ కలిపితే చక్రాల దాకా చేరే నికర లాభం పది హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉంటుంది. అంకెగా చూస్తే తక్కువే అనిపిస్తుంది. కానీ అది 2,000 చుట్ల దగ్గరి నుంచే టార్క్ రూపంలో చేతికి వస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించవలసిన అవసరం చాలామటుకు పోతుంది. వంద హార్స్‌పవర్ కావాలనుకునేవారికి పెద్ద సిలిండర్లు, మంచి హెడ్లు, రెండు కార్బురేటర్లు ఉన్న ఇంజన్ చౌకైన దారి అని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ఏ సూపర్‌చార్జర్ కొనాలి? పుల్లీ సైజు ఎలా తేల్చుకోవాలి?

పాత కార్ల నుంచి తీసిన వాటిలో రెండు మనకు సరిపోతాయి. ఒకటి ఈటన్ ఎమ్45. ఇది మొదటి తరం బీఎమ్‌డబ్ల్యూ మినీ కూపర్ ఎస్‌లో వచ్చింది, ఒక చుట్టుకు 45 ఘనపు అంగుళాలు, అంటే 737 సీసీ గాలిని నెడుతుంది. రెండవది జపాన్ చిన్న కార్లలో వాడిన ఐసిన్ ఏఎమ్‌ఆర్500, ఒక చుట్టుకు 500 సీసీ. మెర్సిడెస్ కార్లలో వచ్చిన ఈటన్ ఎమ్62 ఈ ఇంజన్‌కు మరీ పెద్దది, బీటిల్ ఇంజన్ గదిలో దానికి చోటు చేయడం కూడా కష్టం.

1584 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఒక చుట్టుకు 792 సీసీ పీల్చాలి, కానీ 80 శాతమే నిండుతుంది కాబట్టి 634 సీసీ అనుకోవచ్చు. ఎమ్45ను క్రాంక్ కంటే 1.2 రెట్లు వేగంగా తిప్పితే 884 సీసీ అవుతుంది, లోపలి లీకులకు 15 శాతం తీసేస్తే 752 మిగులుతుంది. 752ను 634తో భాగిస్తే 1.19 వస్తుంది. గాలి వేడెక్కడం వల్ల అది ఒత్తిడిలో దాదాపు 1.4 రెట్లుగా, అంటే గేజీ మీద 0.4 బార్‌గా కనిపిస్తుంది. కనుక మొదటి పుల్లీ నిష్పత్తి 1.2 దాటకూడదు. ఏఎమ్‌ఆర్500కైతే అదే లెక్కలో 1.77 వస్తుంది. చిన్న పుల్లీ వేసి బూస్టు పెంచుకోవడం తరువాతైనా చేయవచ్చు, కరిగిన పిస్టన్‌ను మాత్రం మార్చడమే తప్ప బాగుచేయడం ఉండదు.

ఇంజన్‌ను తప్పనిసరిగా విప్పాలా? విప్పితే ఏమేం చూడాలి?

ఇంతకుముందు ఎవరు కట్టారో తెలియని ఇంజన్ అయితే విప్పితీరాలి. బీటిల్‌లో ఇది భయపడవలసిన పని కాదు. గేర్‌బాక్సుకు నాలుగు బోల్టులు, పెట్రోలు గొట్టం, యాక్సిలరేటర్ తీగ, కొన్ని వైర్లు విప్పి, వెనుక భాగాన్ని ఎత్తి నిలిపితే, జాకీ మీద 110 కిలోల ఇంజన్ కిందికి దిగుతుంది. రెండవ మనిషి సాయం ఉంటే మంచిది.

మొట్టమొదట చూడవలసినది క్రాంక్‌కేసు, అంటే ఇంజన్ ప్రధాన పెట్టె. అది మెగ్నీషియం మిశ్రమ లోహం, యాభై ఏళ్లుగా వేడెక్కి చల్లారిన లోహం. 1971 నాటి ఇంజన్లలో హెడ్‌ను పట్టుకునే 10 మిల్లీమీటర్ల స్టడ్లు (రెండు కొసలా మరలున్న కడ్డీలు) నేరుగా ఆ మెత్తటి లోహంలోనే మరలు పట్టుకుని ఉంటాయి, కాలక్రమంలో మర ఊడి పైకి లేచివస్తాయి. ఈ ఇంజన్‌లో సిలిండర్‌కూ హెడ్‌కూ మధ్య గాస్కెట్ లేదు, లోహం మీద లోహం కూర్చుంటుంది. స్టడ్ ఒక్కటి వదులైనా బూస్టు కింద అక్కడి నుంచి మంట లీకై, కొద్ది గంటల్లోనే హెడ్‌ను కోసేస్తుంది. అందుకని పదహారు స్టడ్లకూ కేస్ సేవర్లు, అంటే ఉక్కు మరల తొడుగులు, వేయించడం నా దృష్టిలో ఐచ్ఛికం కాదు. తొడుగులతో పాటు తరువాతి కాలపు 8 మిల్లీమీటర్ల స్టడ్లు వేస్తే అవి వేడికి కేసుతో పాటు సాగి, మర మీద లాగుడును తగ్గిస్తాయి. బిగింపు విషయంలో 10 మిల్లీమీటర్ల స్టడ్లకు 23 ఫుట్ పౌండ్లు, 8 మిల్లీమీటర్ల వాటికి 18. ఎక్కువ బిగిస్తే ఎక్కువ భద్రం అనుకోవడం ఈ ఇంజన్‌లో పెద్ద పొరపాటు.

రెండవది కంప్రెషన్. ఒక్కొక్క సిలిండర్ 396 సీసీ. హెడ్‌లోని దహన గది 53 సీసీ అనుకుని, పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్ అంచుకు 1.5 మిల్లీమీటర్ల దూరం ఉంటే అక్కడ 8.6 సీసీ చేరుతుంది. మొత్తం 61.6. 396ను 61.6తో భాగించి ఒకటి కలిపితే 7.4 వస్తుంది. 0.4 బార్‌కు ఇది చాలినంత సురక్షితం. కంప్రెషన్ తగ్గించడానికి సిలిండర్ కింద మందపాటి షిమ్ములు, అంటే లోహపు రింగులు, పేర్చి పిస్టన్‌ను దూరం చేయడం తేలికైన పనే. కానీ అలా చేస్తే పిస్టన్, హెడ్ అంచులు దగ్గరైనప్పుడు మిశ్రమాన్ని చిలికే గుణం పోయి, నాకింగ్, అంటే మిశ్రమం వేళ కాకుండా తానే పేలడం, మరింత తేలికగా మొదలవుతుంది. దహన గదినే కొద్దిగా పెద్దది చేయించడం నాకు నచ్చిన పద్ధతి. గదుల ఘనపరిమాణాన్ని సిరంజితో, గాజు పలకతో స్వయంగా కొలవండి. నాలుగూ సమానంగా ఉన్నాయని ఎవరు చెప్పినా నమ్మకండి.

పిస్టన్లు ఫోర్జింగ్ చేసినవైతే మంచిది. రింగుల సందును మామూలు కొలతకన్నా 0.1 మిల్లీమీటరు ఎక్కువగా ఉంచాలి, ఎందుకంటే బూస్టు వేడికి సాగిన రింగు కొసలు ఒకదాన్నొకటి తాకితే పిస్టన్ అంచే విరిగిపోతుంది. ఎగ్జాస్ట్ వాల్వులు కొత్తవి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయండి. పాత వాల్వు తల ఊడి సిలిండర్‌లో పడడం ఈ ఇంజన్లకున్న పాత జబ్బు. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మాత్రం ఫ్యాక్టరీదే ఉంచండి. రేసు క్యామ్‌లో రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం ఎక్కువ, మనం కష్టపడి నెట్టిన మిశ్రమం ఆ సందులోంచి పొగగొట్టంలోకి పోతుంది.

కేసు కోయనవసరం లేని 88 మిల్లీమీటర్ల సిలిండర్లు వేయవచ్చా?

వద్దు. ఆ సిలిండర్ల గోడలు పలచన. బూస్టు లేకుండానే వంకరపోతాయి. పెద్ద సిలిండర్లు కావాలంటే కేసు, హెడ్లు కోయించి 90.5 మిల్లీమీటర్లవి వేయండి, 1776 సీసీ అవుతుంది.

చల్లబరచే ఏర్పాటులో ఏం మార్చాలి?

ఎక్కువ మంది అనుకునేదానికి విరుద్ధంగా, మార్చవలసినదానికన్నా తిరిగి పెట్టవలసినదే ఎక్కువ. ఏళ్ల తరబడి ఎందరో మెకానిక్కులు అనవసరమని పీకి పారేసిన రేకులు, రబ్బరు పట్టీలు, థర్మోస్టాట్, గాలి మూతలు అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉండాలి. ఇంజన్ చుట్టూ ఉండే రేకు పైనున్న చల్లని గాలిని కిందనున్న వేడి గాలి నుంచి వేరు చేస్తుంది. ఆ రబ్బరు పట్టీ ఒక అడుగు మేర లేకపోతే ఫ్యాన్ తాను బయటికి తోసిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. సిలిండర్ల కింద ఉండే చిన్న గాలి మళ్లింపు రేకులను చాలామంది ఎన్నడూ చూసి ఉండరు. అవి లేకపోతే గాలి సిలిండర్ అడుగు భాగాన్ని తాకకుండానే జారిపోతుంది.

1971కి ముందటి ఇంజన్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ పెట్టె లోపలే, మూడవ సిలిండర్‌కు పోయే గాలికి అడ్డుగా ఉండేది. అందుకే ఆ సిలిండర్ ఎప్పుడూ మిగతావాటికన్నా వేడిగా నడిచేది. ప్లగ్గులకు స్పార్కు పంచే వోక్స్‌వాగన్ డిస్ట్రిబ్యూటర్లలో ఆ ఒక్క సిలిండర్‌కే టైమింగ్‌ను రెండు మూడు డిగ్రీలు వెనక్కి పెట్టడానికి కారణం అదే. 1971లో కూలర్‌ను పక్కగా ఒక ప్రత్యేక గూటిలోకి మార్చారు, దాన్నే డాగ్‌హౌస్ అంటారు. మీ కారు అంతకు ముందుదైతే, సూపర్‌చార్జర్ కొనే డబ్బుతో ముందుగా ఈ ఫ్యాన్ పెట్టెను సంపాదించండి.

తరువాత ఆయిల్. ఈ ఇంజన్‌లో ఫ్యాక్టరీ నుంచి ఆయిల్ ఫిల్టర్ లేదు, ఒక జల్లెడ మాత్రమే ఉంది. మొత్తం ఆయిల్ రెండున్నర లీటర్లే. పంపు నుంచి ఆయిల్‌ను బయటికి తెచ్చి, మామూలు ఫిల్టర్ గుండా, థర్మోస్టాట్ ఉన్న అదనపు కూలర్ గుండా పోనిచ్చి తిరిగి కేసులోకి పంపాలి. సుమారు లీటరున్నర అదనపు సంప్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి, వేస్తే ఇంకా మంచిది, నేల ఎత్తు తగ్గుతుంది కాబట్టి స్పీడ్ బ్రేకర్ల దగ్గర జాగ్రత్త అవసరం.

మీటర్లు రెండు లేకుండా బండిని కదిలించకండి. మూడవ సిలిండర్ స్పార్క్ ప్లగ్ కింద వాషరులా కూర్చునే థర్మోకపుల్ హెడ్ వేడిని చూపుతుంది. అక్కడ 160 నుంచి 180 డిగ్రీలు సాధారణ ప్రయాణం. 200 దాటితే యాక్సిలరేటర్ వదలాలి, 220 అయితే రోడ్డు పక్కకు తీయాలి. ఆయిల్ 80 నుంచి 100 మధ్య ఉండాలి, 120 దాటనివ్వకూడదు. మా ఊళ్లో జూలైలో 40 డిగ్రీలు మామూలే, విజయవాడ వేసవి వంటిదే. అటువంటి రోజుల్లో పొడవైన ఎత్తు ఎక్కుతూ బూస్టును అరనిమిషం మించి పట్టి ఉంచను. ఎంత మంచి ఏర్పాటు ఉన్నా లోపలికి వచ్చే గాలే వేడిగా ఉన్నప్పుడు మిగులు ఉండదు.

ఫ్యాన్ బెల్టుతోనే సూపర్‌చార్జర్‌ను కూడా తిప్పవచ్చా?

ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఇంజన్‌ను బతికించేది ఫ్యాన్ బెల్టు. సూపర్‌చార్జర్‌కు విడిగా రెండవ పుల్లీ, పక్కటెముకల వంటి గాడులున్న బెల్టు, స్ప్రింగు టెన్షనర్ ఉండాలి. రెండు పుల్లీలూ ఒకే తలంలో ఉన్నాయో లేదో తిన్నని బద్ద ఆనించి చూడండి, ఒక మిల్లీమీటరు తేడా కూడా బెల్టును తినేస్తుంది. ఇది నేను అనుభవించి నేర్చుకున్నది. ఒక దుకాణం నుంచి కొన్న బ్రాకెట్టు కొద్దిగా వంకరగా ఉందని నేను ముందుగా గమనించలేదు. మూడు వందల మైళ్ల తరువాత సూపర్‌చార్జర్ బెల్టు పీలికలై, ఆ పీలికలు పక్కనే ఉన్న ఫ్యాన్ బెల్టును కూడా లాగి పడేశాయి. స్పీడోమీటర్‌లో జనరేటర్ ఎర్ర దీపం వెలిగిన వెంటనే ఇంజన్ ఆపేశాను కాబట్టి హెడ్లు దక్కాయి. బీటిల్‌లో ఆ ఎర్ర దీపం బ్యాటరీ గురించి కాదు, ఫ్యాన్ తిరగడం ఆగిందేమో అని హెచ్చరిక. ఆ రోజు తరువాత రెండు బెల్టుల మధ్య ఒక రేకు అడ్డు పెట్టాను.

ఇంకొక మాట. క్రాంక్ పుల్లీ కొసన ఉన్న నాలుగవ మెయిన్ బేరింగ్ మిగతావాటికన్నా చిన్నది. రెండు బెల్టులూ పైకే లాగుతాయి కాబట్టి టెన్షన్ జారకుండా ఉండే కనీస స్థాయిలోనే ఉండాలి.

కార్బురేటర్ మంచిదా, ఫ్యూయల్ ఇంజెక్షన్ మంచిదా?

మొదటిసారి చేసేవారికి సూపర్‌చార్జర్‌కు ముందు ఒకే ఒక కార్బురేటర్ పెట్టే పద్ధతి సులభం. దానికి ఒత్తిడి తగలదు, మామూలు పెట్రోలు పంపు చాలు, నేను ముందే చెప్పినట్టు పెట్రోలు ఆవిరి గాలిని చల్లబరుస్తుంది. ఎస్‌యూ రకం కార్బురేటర్ గాలి ప్రవాహాన్ని బట్టి తన గొంతును తానే మార్చుకుంటుంది కాబట్టి ఈ పనికి చక్కగా ఒదుగుతుంది. ఒక్క సూది మార్చితే మిశ్రమం మొత్తం మారుతుంది. లోపాలూ ఉన్నాయి. సూపర్‌చార్జర్ వెనుక బేరింగులలోని గ్రీజును పెట్రోలు కడిగేసే ప్రమాదం ఉంది. పైగా సూపర్‌చార్జర్ నుంచి హెడ్ వరకు ఉన్న గొట్టమంతా మండే మిశ్రమంతో నిండి ఉంటుంది. ఒక్క బ్యాక్‌ఫైర్ వస్తే ఆ గొట్టం పగలగలదు, కనుక ఒత్తిడి హఠాత్తుగా పెరిగితే తెరుచుకునే, స్ప్రింగుతో పనిచేసే పాప్ ఆఫ్ వాల్వు పెట్టి తీరాలి.

ఇంజెక్షన్ ఖరీదైనది, వైరింగ్ ఓపికతో చేయవలసినది. కానీ బూస్టును బట్టి పెట్రోలును, టైమింగ్‌ను రెండింటినీ విడివిడిగా సరిచేయగలగడం గాలితో చల్లబడే ఇంజన్‌కు పెద్ద వరం. కారును పదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే నేను ఇంజెక్షన్ వైపే మొగ్గుతాను.

ఇగ్నిషన్ టైమింగ్ ఎంత ఉండాలి?

బూస్టు లేని 1600కు వేగం పెరిగిన తరువాత మొత్తం అడ్వాన్సు, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్కు రావాలో అది, 28 నుంచి 32 డిగ్రీల మధ్య పెడతారు. బూస్టు కింద మిశ్రమం దట్టంగా ఉండి త్వరగా కాలుతుంది, కాబట్టి ప్రతి పీఎస్‌ఐకి ఒక డిగ్రీ చొప్పున తగ్గించాలి. 30 నుంచి మొదలుపెట్టి 6 తగ్గిస్తే 24. ప్రసిద్ధమైన బాష్ 009 డిస్ట్రిబ్యూటర్‌కు ఇంజన్ మీది భారం తెలియదు, దానికి తెలిసింది వేగమే. దానితో నడిపితే అన్నివేళలా 24తోనే నడపాలి, తాపీగా పోయేటప్పుడు పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగగొట్టం వేడెక్కుతుంది. బూస్టు వచ్చినప్పుడు మాత్రమే వెనక్కి తగ్గే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే ఈ బాధ లేదు. ఫైరింగ్ ఆర్డర్ 1-4-3-2 అని అందరికీ తెలుసు, కానీ మూడవ సిలిండర్ ఎడమవైపు ముందరిదని, ఇక్కడ ముందు అంటే కారు ముందు వైపు అని మరిచిపోయి వైర్లు మార్చి తగిలించినవారు ఎందరో ఉన్నారు.

నాకింగ్‌ను చెవితో పట్టుకోగలమన్న నమ్మకం పెట్టుకోకండి. ఫ్యాన్ హోరులో, వాల్వుల టపటపల్లో అది వినిపించదు. వినిపించేసరికి పిస్టన్ రింగుల గట్టు విరిగి ఉంటుంది. అందుకే టైమింగ్‌ను అవసరం అనుకున్నదానికన్నా రెండు డిగ్రీలు తక్కువగా పెట్టి, ప్లగ్గులు విప్పి చూస్తూ ఒక్కొక్క డిగ్రీ పెంచుకోవాలి. పింగాణీ మీద మిరియపు పొడి వంటి నల్లని చుక్కలు, మెరిసే అల్యూమినియం రవ్వలు కనబడితే అక్కడితో ఆగి వెనక్కి రండి. ప్లగ్గులు కూడా మామూలు కన్నా ఒక మెట్టు చల్లనివి వేసి, సందు 0.6 మిల్లీమీటర్లకు తగ్గించాలి.

ట్యూనింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

సూపర్‌చార్జర్ బెల్టు తగిలించకముందే మొదలుపెట్టాలి. చల్లని ఇంజన్ మీద అన్ని వాల్వులకూ 0.15 మిల్లీమీటర్ల సందు పెట్టండి. నాలుగు సిలిండర్లకూ లీక్ డౌన్ పరీక్ష, అంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత శాతం కారుతోందో చూడడం, చేసి, ఫలితాన్ని తేదీతో నోటుపుస్తకంలో రాసుకోండి, తరువాత ఏదైనా అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం. పొగగొట్టంలో, గాలి, పెట్రోలు నిష్పత్తిని చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఉండాలి. అది లేకుండా బూస్టు కింద మిశ్రమాన్ని సరిచేయడం చీకట్లో సూదిలో దారం ఎక్కించడమే.

బెల్టు తగిలించిన తరువాత మొదట ఐడిల్, తరువాత నెమ్మదిగా సమతలం మీద ప్రయాణం, చివరగా బూస్టు. తాపీగా పోయేటప్పుడు 13.5 నుంచి 14 వరకు, పూర్తి బూస్టులో 11.5 నుంచి 12 వరకు గాలి, పెట్రోలు నిష్పత్తి ఉండాలి. ఆ అదనపు పెట్రోలు వృథా కాదు, దహన గదిని చల్లబరుస్తుంది. రద్దీ లేని పొడవైన ఎత్తు చూసుకుని, మూడవ గేరులో 2,500 నుంచి 4,000 చుట్ల వరకు మూడు నాలుగు సెకండ్లు పూర్తిగా తొక్కి వదలండి. అంకెలు చదవడానికి పక్కన ఇంకొకరు కూర్చోవాలి లేదా మీటరు తానే రికార్డు చేయాలి, నడిపేవారి కళ్లు రోడ్డు మీదే ఉండాలి. నిష్పత్తి 12.5 దాటిన క్షణమే వదిలేయండి. ప్రతి ప్రయత్నం తరువాత హెడ్ వేడి మళ్లీ 170కి దిగేవరకు నెమ్మదిగా నడపండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. సూది, టైమింగ్ రెండూ ఒకేసారి మార్చితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు. నాకు ఈ దశ ఆరు వారాంతాలు పట్టింది, ఆ సమయం గురించి నాకు ఏ విచారమూ లేదు.

ఏ పెట్రోలు వాడాలి? ఇథనాల్ కలిసిన పెట్రోలు పనికివస్తుందా?

దొరికిన వాటిలో ఎక్కువ ఆక్టేన్ ఉన్నదే వాడాలి. అమెరికా బంకులో రాసే 91, ఇండియాలో చెప్పే 95కు దగ్గరగా ఉంటుంది, రెండు దేశాలూ వేరు వేరు కొలతలు వాడతాయి. ఇండియాలో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు నాకింగ్‌ను తట్టుకోవడంలో మేలే చేస్తుంది, ఆవిరయ్యేటప్పుడు ఎక్కువ చల్లబరుస్తుంది కూడా. కానీ దానికి మామూలు పెట్రోలుకన్నా 8 శాతం ఎక్కువ పోయాలి. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచే పాత జెట్లతోనే నడిపితే మిశ్రమం పలచబడి హెడ్లు కాలిపోతాయి. పాత రబ్బరు గొట్టాలను ఇథనాల్ మెత్తబరిచి పగలగొడుతుంది, వాటన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చండి.

మంటలు లేస్తాయని విన్నాం, నిజమేనా?

నిజం. బీటిళ్లు కాలిపోవడానికి ముఖ్య కారణం ఇంజన్ గదిలోని పెట్రోలు గొట్టాలే. కార్బురేటర్‌లోకి కొట్టి దిగేసిన ఇత్తడి ముక్క కాలక్రమంలో వదులై గొట్టంతో సహా ఊడివస్తుంది, పెట్రోలు నేరుగా వేడి ఇంజన్ మీద, డిస్ట్రిబ్యూటర్ మీద పడుతుంది. ఆ ముక్కకు మర తీయించి బిగించండి. ప్లాస్టిక్ ఫిల్టరును ఇంజన్ గదిలో వేలాడదీయకుండా గేర్‌బాక్సు దగ్గరికి మార్చండి. కేసు మెగ్నీషియం కాబట్టి అది ఒకసారి అంటుకుంటే నీళ్లు పోయడం మంటను ఇంకా పెంచుతుంది. మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్‌ను డ్రైవరు సీటు దగ్గర, చేతికి అందేలా పెట్టుకోండి. మంట పెట్రోలు దశలో ఉండగానే ఆర్పాలి. కేసు దాకా పోతే దూరంగా జరిగి ఫైరింజన్‌ను పిలవడమే మిగిలిన పని, కారు మీద ప్రేమతో దగ్గరికి పోకండి.

బ్రేకులు, క్లచ్ మార్చాలా?

అమెరికాకు వచ్చిన బీటిళ్లకు ముందు చక్రాలకు కూడా డ్రమ్ములే. సూపర్‌చార్జర్‌కు ముందే డిస్కు బ్రేకులు వేయండి. 200 మిల్లీమీటర్ల క్లచ్ ఈ టార్క్‌కు సరిపోతుంది, 180 ఉన్న పాత కార్లకు ఫ్లైవీల్‌తో సహా మార్చాలి.

చట్టం ఒప్పుకుంటుందా?

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు రెండేళ్లకోసారి చేసే పొగ పరీక్ష లేదు. ఇండియాలో పరిస్థితి వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు తయారీదారు చెప్పిన దానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. హైదరాబాదులోగానీ విజయవాడలోగానీ ఈ పని తలపెట్టేవారు ఒక్క బోల్టు విప్పకముందే ఆర్టీఏ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, బీమా సంస్థకు కూడా తెలియజేయండి.

ఇలా కట్టిన ఇంజన్ ఎన్నాళ్లు నడుస్తుంది? రోజూ వాడవచ్చా?

అది కుడికాలు మీద, నోటుపుస్తకం మీద ఆధారపడి ఉంటుంది. నేను ప్రతి 2,000 మైళ్లకు ఆయిల్, ఫిల్టర్ మారుస్తాను, జింకు పాలు ఎక్కువగా ఉన్న ఆయిలే వాడతాను, ఎందుకంటే ఈ క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు ఒకదానిమీదొకటి రుద్దుకుంటూ పనిచేసే పాత రకానివి. అప్పుడే వాల్వుల సందులు కూడా చూస్తాను. ఏదైనా ఎగ్జాస్ట్ వాల్వు సందు ప్రతిసారీ తగ్గుతూ వస్తోందంటే దాని కాడ సాగుతోందని అర్థం, ఆ హెడ్‌ను అప్పుడే దించాలి. సర్దుబాటు చేసి ఇంకొక నెల చూద్దామనుకుంటే వాల్వు తల పిస్టన్ మీద పడుతుంది. ప్రతి వసంతంలో లీక్ డౌన్ పరీక్ష మళ్లీ చేసి మొదటి అంకెల పక్కనే రాస్తాను. ఇప్పటికి నాలుగు వరుసలు అయ్యాయి, మూడవ సిలిండర్ అంకె మాత్రం నిరుటికన్నా రెండు శాతం పెరిగింది, ఈ వేసవిలోపు ఆ వైపు హెడ్‌ను దించి చూడబోతున్నాను.